లాంగా, లాంగ్ లాంగా, ఇంట్64_టినా: ఏది మేలు?

మా పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు సీ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలు తరచుగా అడిగే డౌట్ ఇది: ఇంట్లో విండోస్ లాప్‌టాప్‌లో ఒక ఆన్సర్ వస్తుంది, కాలేజీ ల్యాబ్‌లో లైనక్స్ మీద ఇంకోటి వస్తుంది, కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, ఎందుకలా అని. ముందు చూడాల్సింది లాంగ్ ఎక్కడ వాడారా అని. ఇంట్, లాంగ్, లాంగ్ లాంగ్, ఇంట్64_టి అన్నీ సీలో పూర్ణాంకాలు దాచే టైపులే, తేడా సైజ్‌లోనే.

64 బిట్ లైనక్స్‌లో, మ్యాక్‌లో లాంగ్ 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో మాత్రం 4 బైట్లే. ఇంట్ అన్నిట్లోనూ 4, మెమరీ అడ్రస్ దాచే పాయింటర్ అన్నిట్లోనూ 8. సీ స్టాండర్డ్ లాంగ్ కనీసం 32 బిట్లు ఉండాలి అంటుంది అంతే, మిగతాది కంపైలర్ ఇష్టం, కాబట్టి విండోస్, లైనక్స్ రెండూ రూల్ ప్రకారమే ఉన్నాయి.

కిరాణా షాపు ఖాతా ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి, కస్టమర్ మొబైల్ నంబర్‌ని లాంగ్‌లో పెట్టారు. 4 బైట్లలో పట్టే పెద్ద నంబర్ 2147483647, మన పది అంకెల నంబర్లు 6 నుంచి 9 మధ్యలో మొదలవుతాయి కాబట్టి ఒక్కటి కూడా పట్టదు. 9000000000 వేస్తే విండోస్‌లో మామూలుగా 410065408 అయి కూర్చుంటుంది, లైనక్స్‌లో చక్కగా ఉంటుంది. అసలు ఫోన్ నంబర్‌ని కూడేది లేదు తీసేసేది లేదు, దాన్ని స్ట్రింగ్‌గానే పెట్టుకోండి. డబ్బు లెక్క అలా కాదు కదా, పైసల్లో దాస్తే 4 బైట్లు రెండు కోట్ల పద్నాలుగు లక్షల రూపాయల దగ్గరే నిండిపోతాయి, జీడిపప్పు హోల్‌సేల్ వాళ్ల టర్నోవర్‌కి అది సరిపోతుందా?

లాంగ్ లాంగ్ అయితే విండోస్, లైనక్స్ రెండిట్లోనూ 8 బైట్లే, ప్రింట్ చేయడం కూడా ఈజీ, కోడింగ్ కాంటెస్ట్‌లకి నేను అదే చెప్తాను. కానీ ఫైల్‌లోకి రాసే డేటా, ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పంపే డేటా అయితే సీ99తో (1999 నాటి సీ స్టాండర్డ్) వచ్చిన ఇంట్64_టినే వాడండి, ఎందుకంటే సైజ్ పేరులోనే ఉంది, చదివేవాడికి డౌటే రాదు. లైనక్స్‌లో లాంగ్ ఉన్న స్ట్రక్చర్‌ని బైనరీ ఫైల్‌లో రాసి విండోస్‌లో చదివితే ఆ ఒక్క ఫీల్డే కాదు, దాని వెనకున్నవన్నీ పక్కకి జరిగిపోతాయి, అది వెతికి పట్టుకోవడం నిజంగా నరకం.

జావాలో ఈ గొడవ లేదు, ఇంట్ 4, లాంగ్ 8, ఏ ఓఎస్ అయినా అంతే. గో భాషలో ఇంట్ మెషీన్‌ని బట్టి 4 లేదా 8. పైథాన్ ఇంట్ అవసరాన్ని బట్టి పెరుగుతుంది. పాత టర్బో సీ పుస్తకాల్లో ఇంట్ 2 బైట్లు అని ఉంటుంది, అది 16 బిట్ డాస్ కాలం లెక్క, ఇప్పటి జీసీసీ కంపైలర్ వాడేవాళ్లు అది చూసి పరీక్ష రాయకండి.

పాలిటెక్నిక్ ప్రాజెక్టులకి ఆర్డువినో ఉనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త, అందులో ఇంట్ ఇప్పటికీ 2 బైట్లే, అలాంటిదే అయిన ఈఎస్‌పీ32లో 4. బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే మిల్లీస్ విలువని ఇంట్‌లో దాస్తే ఉనోలో 33 సెకన్లు కూడా నిండకుండానే మైనస్‌లోకి వెళ్తుంది, అక్కడ యూఇంట్32_టి (మైనస్ లేని 4 బైట్ల టైప్) పెట్టండి.