బెంగళూరు ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లు: ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు మానుకోవాలి

మారతహళ్లి నుంచి దేవనహళ్లిలోని ఎయిర్‌పోర్టుకి బయల్దేరితే హెబ్బాళ దగ్గర ఎంతసేపు ఇరుక్కుంటామో ఎవరూ చెప్పలేరు. అందుకే ఇక్కడి తెలుగువాళ్లం వైజాగ్ ఫ్లైటుకైనా గన్నవరం ఫ్లైటుకైనా చాలా ముందే ఇల్లు వదులుతాం. ట్రాఫిక్ కనికరించిన రోజున రెండు గంటలు చేతిలో మిగులుతాయి. కొన్నేళ్లుగా ఆ టైమంతా లాంజ్‌లలోనే, అంటే తిండీ సీట్లూ ఉండే విశ్రాంతి గదుల్లోనే గడిపాను, రెండు టెర్మినళ్లలోనూ.

క్రెడిట్ కార్డో డెబిట్ కార్డో ఉంటే లాంజ్ ఫ్రీ అంటారు గానీ, కార్డు గీకితే మామూలుగా 2 రూపాయలు కట్ అవుతాయి. అది కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికే. అసలు బిల్లు వెనకాల బ్యాంకో, వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్కో కట్టుకోవాలి. జనం పెరిగేసరికి వాళ్లకు చురుక్కుమంది. 2023 చివర్నుంచి ఒక్కో బ్యాంకూ బిగించడం మొదలుపెట్టింది: ముందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే లోపలికి. అప్పట్లో కొన్ని కార్డులకు 35,000, కొన్నిటికి ఏకంగా లక్ష. ఆ లెక్క నిండడం కోసం అక్కర్లేని హెడ్‌ఫోన్స్ కొన్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. రెండు ఇడ్లీలకు అంత అవసరమా?

కార్డు మీద పేరూ బోర్డింగ్ పాస్ మీద పేరూ ఒకటే ఉండాలి, మామూలుగా ఒక కార్డుకు ఒక్క మనిషే. మా అమ్మను తీసుకెళ్లినప్పుడు ఆవిడ పెన్షన్ ఖాతా డెబిట్ కార్డే అక్కరకొచ్చింది. 2 రూపాయలంటే నమ్మలేదు. "బయటికెళ్లేటప్పుడు పట్టుకుంటారేమోరా" అని ప్లేటు తీసుకోవడానికే జంకింది. తీరా సాంబారు నోట్లో పెట్టుకుని "ఇందులో బెల్లం ఎవరు వెయ్యమన్నారు?" అంది. సంచిలోంచి పులిహోర డబ్బా తీసి, అటూ ఇటూ చూసి, బల్ల చాటున నాకూ ఓ పిడికెడు పెట్టింది. నిజం చెప్పాలంటే అక్కడి బఫే కంటే అదే బాగుంది.

తిండి కోసమైతే మధ్యాహ్నం వెళ్లండి. పొద్దున ఆరింటికి వడల ట్రే వచ్చిందంటే వంటవాడు పక్కకు జరిగేలోపే ఖాళీ. తర్వాత వచ్చినవాళ్లకు ఆరిన ఉప్మా, మెషిన్ కాఫీ. ఫిల్టర్ కాఫీ కావాలంటే బయట డబ్బులిచ్చి తాగడమే మేలు. ఒక లాంజ్‌లో శుక్రవారం సాయంత్రం క్యూ కారిడార్ దాకా పాకింది. నిలబడి నిలబడి లోపలికెళితే సగం సీట్లలో బ్యాగులు కూర్చున్నాయి. "ఎవరైనా ఉన్నారా?" అంటే "వస్తున్నారు" అన్నారు. ఆ వచ్చేవాళ్లు నేను లేచి వెళ్లేదాకా రాలేదు.

మరి ఇన్నేళ్లూ ఎందుకు వెళ్తున్నానంటే పనిచేసే ప్లగ్ పాయింటు, శుభ్రమైన బాత్రూం, లాప్‌టాప్ పెట్టుకోడానికి బల్ల. ఆఫీసు కాల్ ఉన్న రోజున ఈ మూడింటికీ నిజంగా విలువుంది. కాకపోతే పక్క సీటాయన కూడా కాల్‌లోనే ఉంటాడు, మనకంటే గట్టిగా.

టెర్మినల్ 2 సంగతి వేరు. 2023 జనవరిలో విమానాలు మొదలైన ఆ టెర్మినల్లో వెదురు పైకప్పు, వేలాడే మొక్కలు చూస్తూ బయటే హాయిగా కూర్చోవచ్చు, లాంజ్ కోసం పాకులాడక్కర్లేదు. కానీ మనవాళ్లు ఎక్కువగా ఎక్కే ఇండిగో దేశీయ విమానాలు టెర్మినల్ 1 నుంచే. లాంజ్ అవసరమూ అక్కడే ఎక్కువ, తోపులాటా అక్కడే.

ఇంకొకటి. బోర్డింగ్ మొదలైందని మైకులో పిలుస్తారని కూర్చోకండి. గేటు నంబరు చివర్లో మారినా మనమే స్క్రీన్ చూసుకోవాలి, ఇండిగో గేటు బయల్దేరే టైముకు 25 నిమిషాల ముందే మూసేస్తారు. నేనైతే గంట ముందే లేచిపోతాను. శుక్రవారం సాయంత్రమైతే లాంజ్ వైపు చూడను కూడా, నేరుగా గేటు దగ్గరికే.