ప్రిజర్వేటివ్ లేని కంటి చుక్కలు: మందు బంగారం, మూతే నా వేళ్ళకు పగ

నాకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్ళవాతం) వచ్చి తొమ్మిదేళ్ళు. కళ్ళూ నోరూ ఆరిపోయే షోగ్రెన్ జబ్బు కూడా తోడైందని రెండేళ్ళ కిందట తేలింది. గుంటూరులో ఇంట్లోంచే జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నెలలో 20వ తేదీ దగ్గరపడిందంటే రోజుకు పది గంటలు స్క్రీన్ ముందే. సాయంత్రానికి కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టుండేది.

ముందు అందరిలాగే బ్లూ లైట్ కళ్ళద్దాలు కొన్నాను. షాపతను నీలం టార్చి వేసి చూపిస్తే నమ్మేశాను. మంట మంటలాగే ఉంది. కళ్ళ డాక్టరమ్మ కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. తడిసింది 3 మిల్లీమీటర్లు. "కంట్లో నీళ్ళే లేకపోతే అద్దాలేం చేస్తాయమ్మా?" అన్నారు. స్క్రీన్ చూస్తుంటే రెప్ప వేయడం ఎవరికైనా తగ్గుతుంది. నాకు ఉన్న కాస్త తడీ ఆలోపే ఆరిపోతుంది.

ఆవిడ రాసినవి కన్నీళ్ళలా కంటిని తడిగా ఉంచే 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు. మామూలు సీసాల్లో మందు పాడవకుండా తరచుగా బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపుతారు. నాలా రోజుకు ఆరుసార్లు వేసుకుంటే అదే కంటిని మండిస్తుందట. అందుకని ఇవి ఒక్కసారి వాడి పారేసే బుల్లి ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. వేసుకోగానే నిమిషంపాటు అంకెలు మసకేస్తాయి, తర్వాత గంటన్నర హాయి.

చిక్కంతా ఆ మూతతోనే. ఉదయం నా వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, చొక్కా గుండీ కూడా పట్టదు. అలాంటప్పుడు గోరంత రెక్క పట్టుకుని తిప్పి విరవాలి! మొదటి వారం పళ్ళతో లాగి సగం మందు చీర మీద పోసుకున్నాను. ఇప్పుడు మా అత్తయ్యగారి పాత అడకత్తెర వేడినీళ్ళతో కడిగి దగ్గర పెట్టుకున్నాను. కోయకుండా రెక్కను పట్టి మెల్లగా తిప్పితే టప్పున ఊడుతుంది. "వక్కలు మానేసినా దీనికి పని తప్పలేదు" అంటారావిడ.

30 గొట్టాల పెట్టె నాకు ఐదు రోజులే. రెండు కళ్ళకూ వేశాక ఇంకా మిగిలినా పారేయమని కాగితంలో ఉంది, చెయ్యి రాదుగానీ పారేస్తున్నాను. కీళ్ళ జబ్బుకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వాడుతున్నందుకు ఏటా రెటీనా పరీక్ష ఎలాగూ తప్పదు, ఈ చుక్కలకూ దానికీ సంబంధం లేదు.

మళ్ళీ ఇవే కొంటాను. కాకపోతే కీళ్ళ జబ్బున్న వాళ్ళలోనే కళ్ళు ఆరిపోయేవాళ్ళు ఇంతమంది ఉంటే, ఆ రెక్క ఇంకో అర సెంటీమీటరు పొడుగు పెడితే ఏం పోయింది?