లోపల వదిలిన రెండంగుళాల గుడ్డ: ఇరవై తొమ్మిదేళ్ల నా సూటు

1996 నవంబరులో కుట్టించుకున్న ముదురు నీలం ఉన్ని సూటు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బ్యాంకులో పనిచేసిన చివరి పదిహేనేళ్లూ, పదవీ విరమణ తరువాత గడిచిన పద్నాలుగేళ్లూ అది నా దగ్గరే ఉంది; ఈనాటికీ తొడుక్కుంటున్నాను. ఏ మిల్లు గుడ్డ, గుండీలు రెండా మూడా, కోటు వెనుక చీలిక ఒకటా రెండా అన్న సంగతులు సూటు కుట్టించుకున్న వారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఇన్నేళ్ల వాడకంలో నన్ను మళ్లీ మళ్లీ ఆదుకున్నది బయటికి కనిపించని ఒకే ఒక్క విషయం. అది కుట్ల లోపల కటింగ్ మాస్టరు వదిలిపెట్టిన అదనపు గుడ్డ.

సికింద్రాబాదులో నేను గుడ్డ కొన్న దుకాణం పై అంతస్తులోనే కుట్టేవారు. మూడు మీటర్లు చాలునని కింద కౌంటరులో చెప్పగా, కొలతలు తీసిన మాస్టరు మరో పావు మీటరు తెప్పించమన్నారు. ఎందుకని అడిగితే, "ఇప్పుడు మీకు నలభై అయిదు సార్, నడుము ముప్పై నాలుగు. ఎప్పటికీ ఇట్లనే ఉంటుందని అనుకోకండి. లోపల గుడ్డ ఉంటే, నేను లేకపోయినా ఇంకొకడు విప్పి కుడతాడు" అన్నారు. ఆ పావు మీటరు ఖరీదు నాకు భారంగానే తోచింది. గుడ్డ మిగుల్చుకోవడానికే చెబుతున్నారేమోనన్న అనుమానం కూడా కలిగింది. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నొచ్చుకుంటూ ఉంటాను. ఆయన ప్యాంటు వెనుక కుట్టులో ఇరువైపులా రెండేసి అంగుళాలు, కోటు పక్క కుట్లలో అంగుళం చొప్పున, చేతుల చివర్లలోనూ కోటు కింది అంచులోనూ రెండంగుళాల మడత వదిలారు. నడుము పట్టీని కూడా ఒకే ముక్కగా కాక, వెనుక మధ్యలో అతుకు వచ్చేట్టు రెండు ముక్కలుగా కుట్టారు. అందువల్ల పట్టీని మొత్తం ఊడదీయనక్కర లేకుండా, వెనుక కుట్టు ఒక్కటి విప్పితే నడుము వదులవుతుంది.

ఆయన మాట నిజం కావడానికి ఏడేళ్లు పట్టింది. 2003లో నడుము ముప్పై ఆరుకు వచ్చింది, ఇరువైపులా అంగుళం చొప్పున వదిలారు. 2011లో పదవీ విరమణ సభకు ముందు అది ముప్పై ఏడున్నరకు చేరితే మరో ముప్పావు అంగుళం చొప్పున వదిలి, కోటు పక్క కుట్లు కూడా విప్పారు. ఆ సాయంత్రం శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపిక చేతికిచ్చినప్పుడు తీసిన ఫొటోలో నా ఒంటిమీద ఉన్నది ఈ సూటే. పదిహేనేళ్ల నాటి కోటుకు గుండీ పెట్టుకుని సుఖంగా ఊపిరి తీసుకుంటూ నిలబడగలిగానన్న తృప్తి నాకు ఆ జ్ఞాపిక కంటె ఎక్కువగా గుర్తుంది.

ఉద్యోగం ముగిశాక మా ఈడు వారి బీరువాల్లో ఏం మిగులుతుందో హనుమకొండలో మా వీధిలోనే చూశాను. సఫారీలు, టెర్రీకాటన్ ప్యాంట్లు మొదటి రెండేళ్లలోనే స్టీలు సామాన్లవాళ్లకు వెళ్లిపోయాయి. నాలుగు ప్యాంట్లకు ఒక డబ్బా, పైన కోటు కూడా వేస్తే మూతతో సహా గంజు. 2013లో మా ఆవిడ ఈ సూటును కూడా బయటపెట్టి, "ఇంకెప్పుడు వేసుకుంటారండీ దీన్ని, బీరువాలో జాగా అయినా మిగులుతుంది" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. మా వయసు వారు పెళ్లిలో పీటల దగ్గర కూర్చోవాలంటే పట్టు పంచె, కండువా ఉండాలి. రిసెప్షనుకు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు చాలు. అయినా నేను ఇవ్వనన్నాను. దానికి కారణం ఒక తేదీ.

డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పెన్షను అంటే యజమాని దయతలచి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన డి.ఎస్. నకారా రక్షణ శాఖ లెక్కల విభాగంలో అధికారిగా పనిచేసి విరమించిన వ్యక్తి. ఆ రోజు సభకు లుంగీ మీద స్వెటరు వేసుకుని వచ్చే మిత్రులను నేను తప్పుపట్టను, చలి చలే. అయితే నా మట్టుకు, హక్కుగా వచ్చినదాన్ని తలచుకునే రోజున, ఉద్యోగంలో ఉండగా పెద్ద సమావేశానికి ఎలా తయారై వెళ్లేవాడినో అలాగే వెళ్లాలని ఉంటుంది. పైగా ఉన్ని సూటు ఒంటిమీద హాయిగా ఉండేది మా ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లోనే. సభలో నలభై మంది ఉంటే కోటుతో వచ్చేవారం నలుగురం, ఒక్కో ఏడు ముగ్గురం. ఆ మిగతా ఇద్దరు ముగ్గురి కోట్లూ నా దానిలాగే పాతవి, లోపల గుడ్డ ఉన్నవి.

ఇక అసలు ఆపద సంగతి చెప్పాలి. 2012 డిసెంబరు సభ తరువాత సూటును ఉతికించకుండానే, ఒక్కసారే కదా వేసుకున్నానని, డ్రైక్లీనింగు దుకాణం వారి పాత పాలిథిన్ కవరులో పెట్టి, చిన్న గుడ్డ మూటలో మూడు కలరా ఉండలు కట్టి బీరువాలో వేలాడదీశాను. తరువాతి మూడేళ్లూ అమ్మ అనారోగ్యం, అబ్బాయి దగ్గరికి ప్రయాణాలు వచ్చి డిసెంబరు సభలకు వెళ్లలేదు. 2016 డిసెంబరు మొదటి వారంలో కవరు విప్పితే లోపల ముక్కవాసన. ఉండలు పూర్తిగా ఆవిరైపోయి, మూట ఖాళీగా ఉంది. కాలరు లోపలి వైపు బూజు పట్టింది. కోటును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టుకుని చూస్తే, ఎడమ రొమ్ము జేబు పక్కన ఆవగింజంత రంధ్రాలు మూడు, వాటిలోంచి వెలుగు చుక్కలు. మూడో రంధ్రం అంచున బియ్యపు గింజ పొడవున, బూడిద రంగులో ఒక గూడు అంటుకుని ఉంది.

తప్పు నాదేనని తరువాత తెలిసింది. ఉన్నిని తినేది రెక్కల చిమ్మట కాదు, దాని గుడ్డులోంచి వచ్చే పురుగు. ఉన్నిలోని కెరటిన్ దాని ఆహారం. అందులోనూ చెమట, కూర మరక అంటిన చోటు దానికి మరీ ఇష్టం. ఆ సభలో భోజనం వడ్డించినప్పుడు రొమ్ము మీద పడిన సాంబారు చుక్కను తడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాను. సరిగ్గా అక్కడే తిన్నది. గాలి ఆడని పాలిథిన్ కవరు చెమ్మను పట్టి ఉంచి బూజుకు చోటిచ్చింది.

మా ఊళ్లో చూపించిన ఇద్దరు దర్జీలూ ఇక ఆశ వదులుకోమన్నారు. ఒక మిత్రుడు చెప్పిన మాట మీద హైదరాబాదు వెళ్లి, పత్తర్‌గట్టి వైపు ఒక సందులో రఫూ చేసే, అంటే చిరుగును కనిపించకుండా పోగులతో పూడ్చే, పెద్దాయనను వెదికి పట్టుకున్నాను. ఆయన రంధ్రాల వైపు ఎక్కువసేపు చూడలేదు. కోటును తిరగేసి, కింది అంచు మడతను వేలితో విప్పి, లోపల రెండంగుళాల గుడ్డ కనిపించగానే "హో జాయేగా సాబ్" అన్నారు. రఫూకు బయటి దారం పనికిరాదట, అదే గుడ్డలోని పోగే కావాలి. ఆ మడతలోంచి సన్నని ముక్క కత్తిరించి, ఒక్కొక్క పోగూ లాగి ఒళ్లో పరుచుకున్నారు. సన్నని సూదితో రంధ్రానికి నిలువుగా పోగులు పరిచి, అడ్డంగా ఒకటి పైకి, ఒకటి కిందికి వేస్తూ మగ్గం మీద నేసినట్టే నేశారు. ఒక్కో రంధ్రానికి దాదాపు గంట పట్టింది. నేను ఎదుటి అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. పని అయ్యాక ఆ చోటును గోటితో గీకి, వెలుగుకు పట్టి చూపించారు. చుక్క వెలుగు రాలేదు. పెద్ద నోట్లు రద్దయి అప్పటికి నెల కూడా కాలేదు. ఇంట్లో దాచిన ఆరు వంద నోట్లు ఇస్తే, ఆయన చిల్లర దొరికినందుకు నాకంటె ఎక్కువ సంతోషించారు.

ఆ ఏడు 17వ తేదీన సూటుతోనే సభకు వెళ్లాను. పావు మీటరు ఎక్కువ కొనిపించిన మాస్టరును తలచుకున్నాను. ఆయన నడుము పెరగడాన్ని ఊహించి గుడ్డ వదిలారు. అది రొమ్ము మీది రంధ్రాన్ని కూడా పూడుస్తుందని నేనైతే ఏనాడూ అనుకోలేదు.

అప్పటినుంచి సూటును ఉతికించకుండా లోపల పెట్టను. పాలిథిన్ కవరు తీసేసి, పాత నూలు పంచెతో మా ఆవిడ కుట్టిన సంచి తొడుగుతాను. ఏటా రెండుసార్లు నీడలో గాలికి ఆరేసి బ్రష్షుతో దులుపుతాను. మనవడు పుట్టాక పిల్లల డాక్టరు సలహా మీద కలరా ఉండలు మానేశాను. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసివాళ్లకు ఆ ఆవిరి రక్తకణాలను దెబ్బతీస్తుందట. ఇస్త్రీ బండి అబ్బాయికి మాత్రం ప్రతిసారీ చెప్పాలి. తడిగుడ్డ వేయకుండా వేడి పెట్టె నేరుగా పెడితే ఉన్ని మెరుపెక్కుతుంది, ఆ మెరుపు తరువాత ఒక పట్టాన పోదు.

పోలిక కోసం ఒక మాట. 2018లో అబ్బాయి నాకు ఒక రెడీమేడ్ సూటు కొనిపెట్టాడు. తేలికగా ఉంటుంది, తొడుక్కున్న రోజు చాలా బాగుంది. రెండో డ్రైక్లీనింగుకే రొమ్ము మీద గుడ్డ బుడగలుగా లేచింది. రొమ్ము బిగువుగా నిలవడానికి లోపల వేసే బకరం గుడ్డను, పాత కోట్లలోని కాన్వాసులా సూదితో కుట్టకుండా, వేడి పెట్టి జిగురుతో అంటించారు. ఆ జిగురు వదిలింది. ప్యాంటు కుట్టు తిరగేస్తే ఓవర్‌లాక్ అంచు అర అంగుళం కూడా లేదు. ఎవరూ దాన్ని ఒక్క నూలు కూడా వదులు చేయలేరు. అబ్బాయి ప్రేమకు విలువ కట్టను గాని, ఆ సూటు నాతోపాటు వయసు పెరిగేది కాదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు దాచడం న్యాయం కాదు. లోపలి గుడ్డ ఏళ్ల తరబడి వెలుగు చూడదు కనుక రంగు దిగదు. 2011లో వదిలినప్పుడు ప్యాంటు వెనుక కుట్టుకు ఇరువైపులా ముదురు చారలు బయటపడ్డాయి. పాత కుట్టు సూది గుర్తులు కూడా వరసగా కనిపించాయి. కోటు కప్పుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కాని ఆ కారణంగానే, ఎంత ఉక్కపోసినా నేను కోటు తీయలేను. ఒక మే నెలలో ఖమ్మంలో రిసెప్షనుకు ఈ సూటుతో వెళ్లి పడిన యాతన తరువాత వేసవిలో దాన్ని ముట్టుకోలేదు. రఫూ చేసిన మూడు చుక్కలు కూడా దీపాల వెలుగులో తెలియవు గాని, మిట్టమధ్యాహ్నపు ఎండలో చుట్టుపక్కల గుడ్డకంటె ఒక పాలు ముదురుగా ఉంటాయి. 2021లో జబ్బుపడి లేచాక నడుము ముప్పై అయిదుకు తగ్గితే ఇరువైపులా అంగుళంపావు మళ్లీ లోపలికి కుట్టించాను. చారలు చాలావరకు లోపలికి వెళ్లాయి, ఇంకా అర అంగుళం చొప్పున కనిపిస్తూనే ఉన్నాయి.

అన్నింటికీ మించి, లోపలి గుడ్డ భుజాలకు ఏమీ చేయలేదు. డెబ్బై నాలుగేళ్లకు నా భుజాలు వాలాయి, ఎత్తు కూడా కాస్త తగ్గింది. కోటు భుజం ఇప్పుడు నా భుజం దాటి బయటికి నిలుస్తోంది. భుజం విప్పడమంటే కోటును కొత్తగా కుట్టడమేనని, ఈ వయసు గుడ్డ దానికి తట్టుకోకపోవచ్చని దర్జీ చెప్పాడు. అలాగే వేసుకుంటున్నాను.

విరమణ దగ్గరపడ్డవారు ఇటువంటి సూటు కుట్టించుకోవాలా అని అడిగితే నేను గట్టిగా అవునని చెప్పలేను. నేనుండేది చలికాలం ఉన్న ఊరు; ఏటా తప్పకుండా వెళ్లే సభ ఒకటి ఉంది; బీరువాను చూసుకునే తీరిక, ఓపికగల భార్య ఉన్నారు. విజయవాడలోనో, కాకినాడలోనో ఉండి, పంచె కట్టుకునే శుభకార్యాలకు తప్ప గడప దాటని వారికి ఇది దండగే కావచ్చు. అయితే ఇప్పటికే బీరువాలో పాత కోటు ఉన్నవారు, స్టీలు గిన్నెకు ఇచ్చే ముందు ఒక్కసారి దాన్ని తిరగేసి, పక్క కుట్టులో ఎంత గుడ్డ ఉందో వేళ్లతో పట్టి చూడమని మాత్రం కోరుతున్నాను. అంగుళం తగిలినా ఆగండి.

ఈసారి డిసెంబరు సభకు ముందు చేతుల పొడవు పావంగుళం తగ్గించాలని కోటును దర్జీకి ఇచ్చాను. 15వ తేదీకల్లా ఇస్తానన్నాడు. మిగిలే గుడ్డను కత్తిరించవద్దని, లోపలికి మడిచి అలాగే ఉంచమని రెండుసార్లు చెప్పి వచ్చాను.