ఆగస్టులో శ్రీలంక: ఏనుగులు, ఊరేగింపు, సొరంగం అవతల ఎండ

శ్రీలంక చిన్న దేశమే కదా, పది రోజుల్లో మొత్తం చుట్టేద్దాం అనుకుంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. కొండదారుల్లో వంద కిలోమీటర్లకి మూడు గంటలు పట్టడం మామూలే. అందుకే మేం ఊళ్ళ జాబితా పక్కన పెట్టి, ముందు నెల చూసుకున్నాం. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు పడమర, దక్షిణ తీరాల మీద పడతాయి. తూర్పు తీరం అప్పుడు పొడిగా ఉంటుంది. మాకు సెలవు దొరికింది ఆగస్టులో. కాబట్టి దక్షిణ తీరంలోని మిరిస్సా తిమింగలాలనీ, నైరుతి కొండల్లోని శ్రీపాద శిఖరాన్నీ మరోసారికి వదిలేశాం.

మొదట హబరణలో ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టేలో మూడు రాత్రులు. సిగిరియా కొండకోట, మిన్నేరియా చెరువు, పాత రాజధాని పొలొన్నరువ మూడూ అక్కణ్ణించి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరం. రోజూ పెట్టె సర్దుకునే బాధ లేదు. శాకాహారులకు ఒక మాట: టిఫిన్‌లో ఇడియాప్పంతో ఇచ్చే కొబ్బరి పచ్చడిలో (పోల్ సంబోల్ అంటారు) ఎండుచేప పొడి కలపడం అక్కడి అలవాటు. రాత్రే చెప్పి ఉంచితే ఆ ఇంటావిడ మాకు విడిగా నూరి పెట్టింది.

ఈ యాత్రలో నా మనసు ఉండిపోయింది మిన్నేరియా దగ్గరే. 3వ శతాబ్దంలో మహాసేనుడు కట్టించిన చెరువు అది. ఎండలకి నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ ఆ మట్టిలో లేత గడ్డి మొలుస్తుంది, దానికోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ అక్కడికి చేరతాయి. మాకు బాగా దగ్గరలో ఒక ఆడ ఏనుగు ముందుకాలితో గడ్డిని తన్ని పెకలించింది. తొండంతో చుట్టి పట్టుకుని, మట్టి రాలేదాకా కాలికేసి కొట్టి, అప్పుడు నోట్లో పెట్టుకుంది. పక్కనున్న పిల్ల కూడా అలాగే తన్నుతోంది గానీ గడ్డి ఊడి రావడం లేదు. మా అమ్మాయి అరగంట మాట్లాడలేదు. మా జీపు డ్రైవరు మాత్రం ఇంకా దగ్గరికి పోదామని పిల్ల ఏనుగున్న గుంపుకి అడ్డంగా బండి పెట్టాడు. వెనక్కి తీయమని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. జీపు మాట్లాడుకునేటప్పుడే ఆ మాట చెప్పుకోండి.

సిగిరియా గురించి అందరూ రాసిందే. దాదాపు 1200 మెట్లు, ఎండెక్కకముందే ఎక్కాలి. పాస్‌పోర్టు వెంట ఉంచుకుంటే సార్క్ దేశాలవాళ్ళకి టికెట్‌లో తగ్గింపు ఉంటుంది. నన్నడిగితే ఎదురుగా ఉన్న పిదురంగల కొండెక్కి సిగిరియాని చూడటమే ఎక్కువ అందం.

క్యాండీలో అప్పుడు పెరహెర అనే ఏనుగుల ఊరేగింపు రోజులు. గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి, మేం ఊరి బయటే దిగాం. ఆఖరి రాత్రులు చూడాలంటే మధ్యాహ్నానికే పేవ్‌మెంటు మీద చోటు పట్టుకోవాలి, లేదా కుర్చీ కొనుక్కోవాలి. మేం కుర్చీలు కొన్నాం, పిల్లలుంటే అదే మేలు. కొరడాల చప్పుడుతో మొదలై, కాగడాలు, డప్పులు, బుద్ధుడి దంతధాతువు పేటికను మోసే ఏనుగు. కాగడాల్లో మండేది ఎండుకొబ్బరి. ఆ కమ్మటి పొగ వాసన మర్నాటికీ బట్టల్లో ఉంది. ఒకప్పుడు ఈ ఊరేగింపు నాలుగు దేవాలయాలది. అందులో దంతధాతువుకి చోటిచ్చినవాడు కీర్తి శ్రీ రాజసింహుడు (1747–82), తెలుగు మూలాలున్న నాయక వంశపు రాజు. ఆ సంగతి తెలిసి చూస్తుంటే ఒళ్ళు పులకరించింది.

నువారా ఎలియా నుంచి తెల్లవారుజామునే హార్టన్ ప్లెయిన్స్ జాతీయ పార్కుకి వెళ్ళాం. గేటు దగ్గర సంచులు వెతికి నీళ్ళ సీసాల ప్లాస్టిక్ లేబుళ్ళు కూడా తీయించారు, చాలా నచ్చింది. తొమ్మిది కిలోమీటర్ల నడక. 800 మీటర్ల పైచిలుకు లోయ చూపించే వరల్డ్స్ ఎండ్ దగ్గర మాకు కనిపించింది తెల్లటి పొగమంచు ఒక్కటే. లోయ కోసమే వెళ్ళేవాళ్ళు జనవరి–మార్చి పెట్టుకోండి.

క్యాండీ–ఎల్లా రైల్లో రిజర్వేషన్ దొరకలేదు. అందుకే నువారా ఎలియాకి దగ్గరి స్టేషను నాను ఓయాలో జనరల్ టికెట్ కొని ఎక్కాం. పట్టిపొల, 1891 మీటర్ల ఎత్తున, దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను. అక్కడిదాకా కిటికీల్లోంచి జల్లు. తర్వాత సొరంగంలో దూరి బయటపడేసరికి ఎండ! రుతుపవనం ఆ కొండ దగ్గరే ఆగిపోయింది. పెట్టెలో నిలబడ్డవాళ్ళందరం నవ్వేశాం.

ఎల్లాలో బస నిరాశపరిచింది. లోయ కనిపించే గది అని డబ్బు తీసుకుని, పక్క మేడ గోడ కనిపించే గది ఇచ్చారు. రెండు రాత్రులు అనుకున్నది ఒక్కరాత్రితో ముగించి, మిగిలిన రోజు కూడా తూర్పు తీరంలోని అరుగం బేకే ఇచ్చాం. అక్కడ బేబీ పాయింట్‌లో అలలు చిన్నవి, సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ళకి సరిపోతాయి. మాకు నేర్పిన కుర్రాడు ముందు ఇసుకలోనే బోర్డు పెట్టి, పడుకుని లేవడం ఇరవైసార్లు చేయించాడు. మూడోరోజు పొద్దున మా అమ్మాయి అల మీద లేచి నిలబడింది, ఒడ్డుదాకా పడలేదు.