‘లైఫ్‌టైం ఫోటోషాప్’ అంటే పైసలు కట్టకండి: నల్గొండ చుట్టుపక్కల స్టూడియో వాళ్లకు హెచ్చరిక

దేవరకొండ దగ్గర మాదొక చిన్న ఫోటో స్టూడియో. మాఘమాసం పెళ్లిళ్లు దగ్గరపడ్డాయని నల్గొండలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ సిస్టమ్ తీసుకున్నాను. ఇంకో 3,000 ఇస్తే ఫోటోషాప్ కూడా వేసిస్తాం, లైఫ్‌టైం పనిచేస్తుంది అన్నారు. బస్సుకు టైం అవుతోందని అక్కడ ఆన్ చేసి చూడకుండానే తెచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చి తెరిస్తే మెనూలన్నీ రష్యన్‌లో ఉన్నాయి. ఇమేజ్ అని ఉండాల్సిన మూడో మెనూ మొదటి అక్షరం, ఇంగ్లీష్ ఎన్‌ని అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. కంట్రోల్ జె, కంట్రోల్ టి లాంటివి చేతికి అలవాటే కాబట్టి ఒక పూట ఎలాగో లాగించాను. సేవ్ చేసేటప్పుడు వచ్చే ప్రశ్నకు ఏ బటన్ నొక్కాలో తెలియక ఒక ఫైల్ పోయింది. పెళ్లికూతురు తలంబ్రాల ఫోటో అది, రెండు గంటలు కూర్చొని చేసిన పని.

షాపుకు ఫోన్ చేస్తే, ‘ఏం కాదన్నా, లాంగ్వేజ్ ప్యాక్ ఎయ్యాలె, 800 అయితది’ అన్నాడు. కట్టాను. రిమోట్‌లో వచ్చి ఒక్క నిమిషంలో ఇంగ్లీష్ చేశాడు. ప్యాక్ ఏమీ వేయలేదు, నేను స్క్రీన్ చూస్తూనే ఉన్నాను. ఫోటోషాప్ ఫోల్డర్‌లో లొకేల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో రష్యన్ ఫోల్డర్ తెరిచి, సపోర్ట్ ఫైల్స్‌లో ఉన్న అనువాదం ఫైల్ (చివర .dat అని ఉంటుంది) పేరు మార్చాడు, అంతే. అనువాదం ఫైల్ దొరక్కపోతే ఫోటోషాప్ తనంతట తానే ఇంగ్లీష్‌కు వచ్చేస్తుంది.

అసలు ఇబ్బంది భాష కాదు. పన్నెండో రోజు, ఆల్బమ్ సగంలో ఉండగా ఫోటోషాప్ తెరుచుకోవడం మానేసింది. తెలిసిన తమ్ముడితో చూపిస్తే అది క్రాక్ కాపీ (లైసెన్స్ లేని దొంగ కాపీ) అని, వేసేటప్పుడు విండోస్ సెక్యూరిటీని ఆపేసి వదిలేశారని తేలింది. కస్టమర్ల ఫోటోలన్నీ ఆ సిస్టమ్‌లోనే ఉన్నాయి. ఆ రాత్రి టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఫోటోషాప్ తయారుచేసే అడోబ్ కంపెనీ 2013 నుంచి కొత్త వెర్షన్లను చందా మీదే ఇస్తోంది. ఒకసారి కడితే జీవితాంతం అని ఎవరైనా కొత్త వెర్షన్ అమ్మితే అది అబద్ధమే.

సొంత చందాతో వేసుకున్నా ఒక్కోసారి వేరే భాష రావచ్చు, దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. అడోబ్ వాళ్ల క్రియేటివ్ క్లౌడ్ యాప్ ప్రిఫరెన్సెస్‌లో (సెట్టింగ్స్‌లో) యాప్స్ కింద ఇన్‌స్టాల్ భాషను ఇంగ్లీష్‌గా పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత ఫోటోషాప్‌లో కంట్రోల్ కె నొక్కండి. మెనూ చదవడం రాకపోయినా ప్రిఫరెన్సెస్ తెరుచుకుంటుంది. ఎడమవైపు వరసలో రెండోది ఇంటర్‌ఫేస్, యూఐ లాంగ్వేజ్, అంటే మెనూల భాష, అక్కడే ఉంటుంది. మార్చాక ఫోటోషాప్ మూసి తెరవాలి. చందా భారం అనుకుంటే ఫోటోలు ఎడిట్ చేసే గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంట్లో కూడా భాష ఎంపిక ప్రిఫరెన్సెస్‌లో ఇంటర్‌ఫేస్ కిందే ఉంటుంది.

సిస్టమ్ కొనేటప్పుడు కౌంటర్ మీదే ఆన్ చేయించి, ఫోటోషాప్‌లో మీ సొంత మెయిల్‌తో లాగిన్ అయ్యాకే డబ్బు ఇవ్వండి. బిల్లులో సాఫ్ట్‌వేర్ పేరు రాయమని అడగండి. మొన్న నేను మళ్లీ వెళ్లి అడిగితే, సిస్టమ్‌కే బిల్లు, సాఫ్ట్‌వేర్‌కు రాయడం కుదరదన్నారు.