ఐదేళ్లు వాడిన ఇండక్షన్ స్టవ్: అడుగున ఉన్న ఫ్యాన్ గురించి

ఐదేళ్లుగా ఒకే ఇండక్షన్ స్టవ్ వాడుతున్నాను. ఎన్ని వాట్లు, ఎన్ని మీటలు, ఏ గిన్నెలు పనికొస్తాయి అన్న సంగతులు పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది స్టవ్ అడుగున, ఎవరి కంటా పడని చోట, బయటి గాలిని లోపలికి పీల్చే చిన్న ఫ్యాన్ గురించి, దాని కింద ఉన్న జాలీ గురించి. ఇంత నేర్పుగా తయారుచేసిన వస్తువులో ఆ జాలీని మాత్రం చేత్తో ఊడదీసి, కడిగి, మళ్లీ బిగించుకునే వీలు లేకుండా చేయడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మొదటి మూడేళ్లూ ఈ స్టవ్‌ను అడిగినవారి దగ్గరా అడగనివారి దగ్గరా మెచ్చుకున్నాను. గాజు పలక తుడిస్తే చాలు, దీనికి ఇంకే సేవా అక్కరలేదని చెప్పేవాణ్ణి. గాజు వరకు ఆ మాట నిజమే. పలక తనంతట తాను వేడెక్కదు, గిన్నె అడుగు నుంచి తగిలే వేడే దానికి వస్తుంది; అందువల్ల పొంగిన పాలు కూడా గట్టిగా మాడిపోకుండా, చల్లారాక తడిగుడ్డకు వచ్చేస్తాయి. పాకం పడితే మాత్రం పూర్తిగా గట్టిపడక ముందే తీసేయాలి. అయితే పైన గాజు మెరుస్తుంటే స్టవ్ అంతా శుభ్రంగా ఉన్నట్టే అనుకుని, ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని తిరగేసి చూడలేదు.

నాలుగో ఏడాది వేసవిలో తంటా మొదలైంది. స్టవ్ వెలిగించిన పన్నెండు, పదమూడు నిమిషాలకు కూత పెట్టి ఆగిపోయేది. తెర మీద ఒక అక్షరం, ఒక అంకె మెరిసేవి. ఆ గుర్తులకు అర్థం కంపెనీకో తీరుగా, మోడల్‌కో తీరుగా ఉంటుంది కాబట్టి నాకు కనబడినదాన్ని ఇక్కడ చెప్పి లాభం లేదు; మా స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో దానికి ‘అధిక వేడి’ అని మాత్రం ఉంది. కాసేపు వదిలేస్తే మళ్లీ వెలిగేది, మళ్లీ ఆగేది. రెండు వారాలు గడిచేసరికి పన్నెండు నిమిషాలు కాస్తా ఐదుకు దిగాయి. మొదట గిన్నెను అనుమానించాను. అడుగు వంగిందేమోనని స్కేలు ఆనించి చూశాను, వేరే గిన్నె పెట్టి చూశాను. తరువాత కరెంటును అనుమానించి సాకెట్ మార్చాను. దేనివల్లా తేడా రాలేదు.

ఇలాంటి స్టవ్‌లలో వేడిని కనిపెట్టే సెన్సర్లు సాధారణంగా రెండు ఉంటాయి. ఒకటి గిన్నెను వేడెక్కించే తీగచుట్ట, అంటే కాయిల్ నడుమ, గాజుకు కింద ఆని ఉండి, గిన్నె వేడిని చూస్తుంది. రెండోది లోపలి బోర్డు మీద, కాయిల్‌కు కరెంటును అతి వేగంగా కలిపి తెంచే ఐజీబీటీ అనే భాగం పక్కన ఉంటుంది. ఫిర్యాదు ఈ రెంటిలో ఎవరిదో తెలిస్తే సగం పని అయినట్టే. అందుకని ఒక గిన్నె నిండా నీళ్లు పోసి ఎక్కువ పవర్‌లో పెట్టాను. నీళ్లున్నంతసేపూ గిన్నె అడుగు వేడి 100 డిగ్రీల దగ్గర్లోనే నిలుస్తుంది, వేపుడుకు చేరే వేడిలో అది దాదాపు సగమే. అయినా ఆరో నిమిషంలో స్టవ్ ఆగింది. వేడెక్కుతున్నది లోపలేనని అప్పుడు గట్టిగా అనిపించింది. స్టవ్ చల్లారాక నాలుగు మూలలా అంగుళం ఎత్తున చెక్క ముక్కలు పెట్టి అదే పరీక్ష మళ్లీ చేస్తే పదకొండు నిమిషాలు నడిచింది. వెనుక వేడిగాలి వదిలే చీలికల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే గాలి తగిలీ తగలనట్టుగా ఉంది.

ఇంతా అయ్యాక సర్వీసు మనిషిని పిలిచాను. ఆయన కూత విని, తెర చూసి, బోర్డు పోయింది, మొత్తం మార్చాలి, లేదా కొత్త స్టవ్ తీసుకోవడం మేలు అన్నారు. విప్పి చూడలేదు. నా చెక్క ముక్కల సంగతి చెప్పబోయినా వినే తీరిక ఆయనకు లేకపోయింది. బోర్డే పోయి ఉంటే, స్టవ్‌ను అంగుళం పైకి లేపగానే ఇంకో ఐదు నిమిషాలు ఎందుకు నడుస్తుంది?

వారంటీ తీరిపోయి ఉంది కాబట్టి నేనే విప్పాను. ప్లగ్గు పీకిన వెంటనే విప్పలేదు; లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉండవచ్చునని తెలుసు గనుక రాత్రి ప్లగ్గు తీసి, తెల్లవారాక పని మొదలుపెట్టాను, బోర్డు మీది లోహపు కాళ్లను వేలితో ముట్టలేదు. ఇటువంటి పని అలవాటు లేనివారు దీన్ని తెలిసిన మెకానిక్ చేతనే, కళ్ల ముందు విప్పించి చూడటం మంచిది. అడుగున ఆరు స్క్రూలు. పై భాగాన్ని పుస్తకం తెరిచినట్టు మెల్లగా ఎత్తాలి, ఎందుకంటే మీటల బోర్డును, పెద్ద బోర్డును కలిపే సన్నని పట్టీ తీగ లోపల ఉంటుంది. నడిమి సెన్సర్‌కు గాజుకు మధ్య తెల్లటి పేస్టు ఉంటుంది. అది చెదిరితే సెన్సర్ గాజుకు సరిగా ఆనక గిన్నె వేడిని తక్కువ చేసి చూపే ప్రమాదం ఉంది కాబట్టి, తిరిగి మూసేటప్పుడు దానిమీద ఒక కన్నుంచాలి.

లోపల చూసిన దృశ్యం ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఫ్యాన్ రెక్కల మధ్య నూనె జిడ్డుతో ముద్ద కట్టిన దుమ్ము బూడిదరంగు దూదిలా పేరుకుంది. ఐజీబీటీకి వెన్నుగా ఉండి దాని వేడిని లాగి గాలికి వదిలే అల్యూమినియం హీట్ సింక్ పలకలు, ఫ్యాన్ వైపు నుంచి చూస్తే అసలు కనబడటమే లేదు. అవతలి వైపు నుంచి చూస్తే మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తున్నాయి. పుల్లతో ఒక అంచు లేపితే ఆ దుమ్మంతా గుడ్డపీలికలా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఓ మూల బొద్దింక గుడ్ల తిత్తి కూడా ఉంది. 2000 వాట్ల స్టవ్‌లో పదో వంతు లోపలే వేడిగా మిగులుతుందనుకున్నా 200 వాట్లు, అంటే పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు ఆ పల్చటి డబ్బాలో వెలుగుతున్నట్టే. ఆ వేడిని బయటికి పంపడానికి ఈ ఒక్క ఫ్యాన్ తప్ప వేరే దారి లేదు. వేపుడు చేసినప్పుడల్లా లేచే నూనె ఆవిరి గట్టు మీద వాలుతుంది, ఆ గట్టు మీది గాలినే ఫ్యాన్ పీలుస్తుంది.

పొడి బ్రష్షుతో అంతా దులిపి, ఫ్యాన్ ఇరుసులో ఒక్క చుక్క మిషన్ నూనె వేసి మూశాను. నీళ్ల గిన్నెతో నలభై నిమిషాలు ఆగకుండా నడిచింది. అంతటితో పని పూర్తయిందని సంబరపడ్డాను గానీ, నూనె చుక్క ఎక్కువ కాలం ఆదుకోలేదు. మూడు నెలలకు ఫ్యాన్ గరగరమంటూ ఆగి ఆగి తిరగసాగింది. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో అదే కొలత, దాని మీద రాసి ఉన్న అదే 18 వోల్టులది తెచ్చి వేశాను. కొనేటప్పుడు కొలతతో పాటు వోల్టులు, తీగ చివరి కనెక్టరు కూడా పాతదానితో సరిపోవాలి, బిగించేటప్పుడు గాలి కిందినుంచి పైకి, హీట్ సింక్ మీదికి వచ్చేలా చూసుకోవాలి.

ఆ తరువాత నా వాడకం మారింది. నెలకొకసారి, పూర్తిగా చల్లారాక, స్టవ్‌ను తిరగేసి జాలీని పొడి బ్రష్షుతో దులుపుతాను. తడిగుడ్డ అటువైపు పోనివ్వను. స్టవ్ కింద కాగితం గాని, ప్లాస్టిక్ షీటు గాని పరచను, ఫ్యాన్ దాన్ని పీల్చి జాలీకి అంటించుకుంటుంది. గోడకు వెనుక జానెడు ఎడం ఉంచుతాను. అన్నిటికంటే ముఖ్యంగా, వంట కాగానే గోడ స్విచ్ కట్టేసే పాత అలవాటు మానుకున్నాను. స్టవ్ మీద ఉన్న మీటతో ఆపితే ఫ్యాన్ ఇంకా ఒకటి రెండు నిమిషాలు తిరిగి లోపలి వేడిని తోసేస్తుంది. నాలుగేళ్లపాటు నేను దానికి ఆ రెండు నిమిషాలు ఇవ్వలేదు.

ఇంకొకరికి ఇది కొనమని చెబుతానా అంటే, వారి వంటను బట్టి చెబుతాను. మేము ఇంట్లో ముగ్గురం, పూటకు ముప్పావు గంటకు మించి వాడము, ఎక్కువ పవర్‌లో నడిపేది అందులో పది నిమిషాలే. ఆ మేరకు ఇది నాకు తృప్తినిచ్చింది, ఇప్పటికీ గిన్నెడు నీళ్లు ఇది మరిగించే వేగం చూస్తే ముచ్చటగానే ఉంటుంది. గంటల తరబడి వేపుళ్లు చేసే ఇంట్లో, ధూళి ఎక్కువగా పడే వంటగదిలో అయితే జాలీ విడిగా ఊడివచ్చే మోడల్ దొరుకుతుందేమో ముందు వెతకమంటాను; దుకాణంలో గాజు చూసే ముందు స్టవ్‌ను తిరగేసి చూపించమని అడగవచ్చు. తక్కువ పవర్‌లో సన్నగా, నిలకడగా వేడి వస్తుందని ఒకప్పుడు నేను చెప్పిన మాటనూ కొంచెం సవరించుకోవాలి. మా స్టవ్ అన్నిటికన్నా కింది మెట్టులో నిలకడగా వేడి ఇవ్వదు, కొన్ని సెకన్లు వెలిగి కొన్ని సెకన్లు ఆగుతుంది. మందపాటి అడుగున్న గిన్నెలో ఆ తేడా తెలియదు, పల్చటి గిన్నెలో పాలు లేచి పడుతుంటే తెలుస్తుంది.

కొత్త ఫ్యాన్ వేసి ఎనిమిది నెలలైంది, ఆ కూత మళ్లీ వినబడలేదు. కుడివైపు చివరి మీట మాత్రం ఈ మధ్య రెండుసార్లు నొక్కితే గాని పలకడం లేదు, దాని సంగతి ఇంకా చూడాలి.