జాగ్రత్త: అరోమా బట్టలకు "సువాసన తిరిగి తెప్పించే" స్ప్రే కొనే ముందు ఇది చదవండి

లావెండర్ దిండు గలీబులు, అరోమా దుప్పట్లు, శాలువాలు (సువాసన పట్టించి అమ్మే బట్టలు) ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు ఈ విషయం తప్పకుండా తెలియాలి. వాసన తగ్గిపోయాక "పాత సువాసన మళ్లీ తెప్పిస్తుంది" అంటూ అమ్మే రీచార్జ్ స్ప్రేలను దయచేసి నమ్మకండి. దానివల్ల మా ఇంట్లో మంచి ఉన్ని శాలువా ఒకటి పాడైంది. మా అత్తయ్యకు అర్ధరాత్రి ఆయాసం వచ్చింది. ఆ తర్వాత డబ్బు వెనక్కి రాబట్టడం ఇంకో పెద్ద టెన్షన్.

అత్తయ్యకు నిద్ర సరిగా పట్టదని మా ఆడపడుచు ఒక సెట్ పంపింది. రెండు గలీబులు, ఒక పల్చటి శాలువా. అవి నిజంగానే బాగున్నాయి, అందులో వంక పెట్టడానికి లేదు. తల ఆనించి ఇటు అటు తిరిగితే సన్నగా పూల వాసన వచ్చేది, ఆవిడకూ నచ్చాయి. కొన్ని నెలలు ఉతికేసరికి మామూలు బట్టలైపోయాయి. అవి అమ్మిన చోటే ఈ స్ప్రే కూడా కనిపించింది. "100 శాతం స్వచ్ఛమైన లావెండర్ నూనె, అన్ని రకాల బట్టలకూ సురక్షితం, ఒక్కసారి కొడితే 30 ఉతుకుల దాకా వాసన" అని రాసుంది. వంద మిల్లీలీటర్లు 349 రూపాయలు. ఆస్తమా ఉన్నవాళ్లు వాడొచ్చా అని కొనేముందే చాట్‌లో అడిగాను. "పూర్తిగా నేచురల్ మేడమ్, చంటిపిల్లలకైనా పర్లేదు" అని జవాబిచ్చారు. ఆ చాట్ నా దగ్గర ఇప్పటికీ ఉంది.

సీసా వచ్చాక చూస్తే నీళ్ల మీద నూనె చుక్కలు చుక్కలుగా తేలుతోంది. గట్టిగా ఊపితే తెల్లగా కలిసినట్టే కలిసి, కింద పెట్టిన కాసేపటికే మళ్లీ విడిపోయింది. ముందువైపు ఊదారంగు పూల బొమ్మ పెద్దగా ఉంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నది మాత్రం మూడే మాటలు: నీరు, ఆల్కహాల్, పెర్ఫ్యూమ్. లావెండర్ అన్న పేరే లేదు. తయారుచేసినవాళ్ల చిరునామా ఉండాల్సిన చోట ఒక ఊరి పేరు రాసి వదిలేశారు. వాళ్లు చెప్పినట్టే ఒక అడుగు దూరం నుంచి కొట్టి ఆరబెడితే గలీబు మీద పసుపు పచ్చని వలయాలు తేలాయి. శాలువా మీద అయితే నూనె చుక్కలు పడ్డ చోటల్లా జిడ్డు మచ్చలు. దిండు మీద తల పెట్టిన కాసేపటికి అత్తయ్య లేచి కూర్చున్నారు. "ఇది పూల వాసన కాదమ్మా, గొంతులో గుచ్చుకుంటోంది" అన్నారు. గలీబు తీసేసి, కిటికీలన్నీ తెరిచి, ఇన్‌హేలర్ వాడాక గానీ ఆయాసం తగ్గలేదు.

అసలు ఈ బట్టలు ఎలా తయారవుతాయో తెలుసుకుంటే ఆ ప్రకటన ఎంత అబద్ధమో అర్థమవుతుంది. ఇలాంటి బట్టల్లో ఎక్కువ శాతం మైక్రోక్యాప్సూల్ రకం. కంటికి కనపడనంత చిన్న గుళికల్లో సుగంధ తైలాన్ని బంధించి, వాటిని ఒక రకం జిగురుతో దారాలకు అతికిస్తారు. ఒరుసుకున్నప్పుడు, నలిగినప్పుడు కొన్ని గుళికలు పగిలి వాసన బయటికొస్తుంది. షాపుల్లో బిల్లు బుక్కు ఉంటుంది చూడండి, కార్బన్ పేపరు పెట్టకుండానే కింది కాగితం మీద కూడా రాత పడుతుంది. ఆ కాగితం వెనక ఉన్నదీ ఈ గుళికలే, కాకపోతే వాటిలో రంగునిచ్చే రసాయనం ఉంటుంది. 1950ల్లో అమెరికాలో ఆ కాగితం కోసం కనిపెట్టిన పద్ధతే తర్వాత బట్టలకూ వచ్చింది. పగిలిన గుళిక మళ్లీ అతుక్కోదు. ఇంట్లో స్ప్రే కొట్టి దాన్ని నింపడం కుదరని పని. మనం కొట్టింది బట్ట పైపైన తడిగా పడి, ఆరిపోయి, మహా అయితే రెండు మూడు రోజులు వాసనొస్తుంది. మొదటి ఉతుకుకే పోతుంది. 30 ఉతుకులు అన్నది ఏ లెక్కన రాశారో వాళ్లే చెప్పాలి.

ఒక్క రకానికి మాత్రం మినహాయింపు ఉంది, అది కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కొన్ని నూలు బట్టలకు సైక్లోడెక్స్‌ట్రిన్ అనే పదార్థాన్ని ఎక్కిస్తారు. అది పిండి పదార్థం నుంచి తయారయ్యేది. దాని అణువు లోపల బోలుగా ఉంటుంది, ఆ ఖాళీలో సువాసన అణువులు ఇరుక్కుని మెల్లగా వదులుతుంటాయి. దాన్ని నూలుతో రసాయనికంగా కలిపేస్తారు కాబట్టి ఉతికినా పోదు, ఖాళీ అయ్యాక మళ్లీ తైలం పట్టించవచ్చు. అంటే "రీచార్జ్" అన్న మాట కొంతవరకు నిజమయ్యేది ఇలాంటి బట్టల విషయంలోనే. అందుకే కొనేటప్పుడు అమ్మేవాళ్లను ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఇది మైక్రోక్యాప్సూలా, సైక్లోడెక్స్‌ట్రినా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ మాటలే వినలేదన్నట్టు మాట్లాడేవాళ్ల దగ్గర రీచార్జ్ స్ప్రే కొనడం అనవసరం.

ధర సంగతి కూడా చూడండి. మన దేశంలో లావెండర్ ఎక్కువగా పండేది జమ్మూ ప్రాంతంలోని భదర్వాలో. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ల అరోమా మిషన్ అనే సుగంధ పంటల పథకం కింద అక్కడి రైతులు చాలామంది మక్కజొన్న మానేసి ఈ పంటకు మారారు. ఆ నూనె లీటరు పది వేల రూపాయల చుట్టుపక్కల పలుకుతుందని వార్తల్లో వస్తూనే ఉంటుంది. ఆ లెక్కన వంద మిల్లీలీటర్ల అసలు నూనె వెయ్యి రూపాయలు. సీసా, డబ్బా, కొరియర్, లాభం అన్నీ కలుపుకుని 349కి "100 శాతం స్వచ్ఛమైన నూనె" ఎలా ఇస్తారు? అసలు నూనె అయితే లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం లావెండులా అంగుస్టిఫోలియా అని ఉండాలి. ఉత్త "పెర్ఫ్యూమ్", "ఫ్రాగ్రెన్స్" అని ఉంటే లోపల ఏమేం కలిపారో మనకు తెలిసే దారి లేదు.

అసలు నూనె అయితే భయం లేదని కూడా అనుకోవద్దు. లావెండర్ నూనెలో ప్రధానంగా ఉండే లినలూల్ గాలి తగిలి పాతబడితే చర్మానికి ఎలర్జీ తెప్పించే పదార్థాలుగా మారుతుంది. రాత్రంతా చెంపకు ఆనుకుని ఉండే గలీబు మీద అలాంటిది కొడితే దద్దుర్లు, దురద రావచ్చు. బర్గమాట్ (ఒక రకం నిమ్మజాతి పండు) నూనె చల్లిన బట్ట ఒంటికి తగిలి, ఆ చోట ఎండ పడితే చర్మం కమిలి నల్లమచ్చలు పడొచ్చు. పిల్లిని పెంచేవాళ్లు టీ ట్రీ నూనె ఇంట్లో వాడకపోవడమే మంచిది, పిల్లుల శరీరం దాన్ని అరిగించుకోలేదు. ఇక ఆల్కహాల్ కలిపిన స్ప్రే కొట్టిన బట్టను పూర్తిగా ఆరకుండా ఇస్త్రీ చేయొద్దు, దేవుడి దీపం దగ్గర, పొయ్యి దగ్గర కొట్టొద్దు. అమెరికాలో డ్రైయర్లు వాడే మనవాళ్లు నూనె పట్టిన బట్టలు అందులో వేయకండి. వేడికి నూనె దానంతట అదే రాజుకునే ప్రమాదం ఉంది.

చంటిపిల్లల విషయంలో ఇంకో మాట. వాసన కోసమో, పురుగు పట్టకూడదనో బీరువాలో కలరా ఉండలు వేసి, ఆ బట్టలనే తీసి పసిపిల్లలకు చుట్టడం మన ఇళ్లలో మామూలు. అవి చాలావరకు నాఫ్తలీన్ ఉండలు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకు ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు తీవ్రంగా రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. కాబట్టి పిల్లల బట్టల దగ్గర అవి వద్దే వద్దు.

ఇక డబ్బుల గొడవ. సీసా వెనక్కి తీసుకోమంటే "ఓపెన్ చేసినవి రిటర్న్ తీసుకోం మేడమ్, హైజీన్ పాలసీ" అన్నారు. ఆ మాట విని చాలామంది వదిలేస్తారు. వదిలేయకండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, పూర్తి చిరునామా, నికర పరిమాణం, ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద నిబంధన ఉంది. మా సీసా మీద వీటిలో సగం లేవు. ఇవన్నీ ఫోటోలతో సహా రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అప్పటిదాకా పాలసీ పాలసీ అన్నవాళ్లు స్ప్రే డబ్బు వెనక్కి వేశారు. శాలువాకు మాత్రం ఇప్పటికీ ఏమీ ఇవ్వలేదు. "మా వస్తువు వల్లే మరక పడిందని రుజువేంటి" అని అడుగుతున్నారు. అది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో తేల్చుకోవాల్సిందే. వస్తువు కోసం కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా ఉండదు.

ఇప్పటికే ఇలాంటి మరక పడినవాళ్లు దాని మీద వేడి ఇస్త్రీ పెట్టకండి, మరక ఇంకా లోపలికి పట్టుకుంటుంది. నూలు బట్టైతే మరక మీద టాల్కం పౌడరు దట్టంగా చల్లి రాత్రంతా వదిలేసి, దులిపేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేళ్లతో మెల్లగా రుద్ది ఉతకండి. మా గలీబులు ఇలాగే చాలావరకు బాగయ్యాయి. పట్టు, ఉన్ని అయితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేయండి, పడింది నూనె మరక అని వాళ్లకు చెప్పి మరీ ఇవ్వండి.

ఉన్న వాసన ఎక్కువకాలం నిలవాలంటే ఆ బట్టలను తిరగేసి, చన్నీళ్లలో, బ్రష్ కొట్టకుండా ఉతికి, నీడన ఆరేయాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే అది దారాల మీద పొరలా పేరుకుని, మిగిలిన కాస్త వాసన కూడా తెలియకుండా పోతుంది. ఒక్కోసారి అది మానేసి, బాగా జాడించి ఉతికితేనే కొంత వాసన మళ్లీ తెలుస్తుంది. మేమైతే ఇప్పుడు వట్టివేళ్లు పల్చటి నూలు సంచిలో కట్టి బీరువా అరలో పెడుతున్నాం. ఎండబెట్టిన మరువం, దవనం కూడా ఇలాగే పెట్టుకోవచ్చు. బట్టకు నూనె తగలదు, మరక పడదు, వాసన చాలనిపిస్తే సంచి తీసి అవతల పెట్టొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ల దిండు దగ్గర మాత్రం ఇవి కూడా వద్దు. అత్తయ్యకు ఏ వాసనా లేని మామూలు నూలు గలీబులే వేస్తున్నాం.

మీలో ఎవరికైనా ఇలాంటి సీసా వచ్చి ఉంటే కోపంలో పారేయకండి. లేబుల్ నాలుగు వైపులా ఫోటో తీయండి, బిల్లు, చాట్ దాచండి, ఆ ప్రకటన పేజీని వాళ్లు మార్చకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. మరక పడ్డ బట్టను ఉతకక ముందే, పక్కన సీసా కూడా కనపడేలా ఒక ఫోటో తీయండి. శాలువా విషయంలో మమ్మల్ని వాళ్లు అడుగుతున్న రుజువు అదే.